చవక క్యూ కర్ర నిజంగా అంత చెడ్డదా?

పూల్ పార్లర్లలో ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "చవక కర్రతో ఆట రాదు." ఆట నేర్పేవాళ్ళు అంటారు, కర్రలు అమ్మేవాళ్ళు అంటారు, రెండు నెలల కింద ఆట మొదలుపెట్టిన కుర్రాళ్ళు కూడా అంటారు. ఫ్యాక్టరీలో వేల సంఖ్యలో తయారై వెయ్యికో రెండు వేలకో దొరికే కర్ర అంటే అందరికీ చిన్నచూపే. ఆధారం ఏమిటని అడిగితే మాత్రం "మీరే ఆడి చూడండి, తెలుస్తుంది" అంటారు. ఈ సమాధానం మనకి బాగా పరిచయమైనదే. తాయెత్తు కట్టించుకున్నవాడూ, రంగురాయి ఉంగరం పెట్టుకున్నవాడూ ఇదే చెబుతారు.

అంతమాత్రాన ఆ మాట అబద్ధమని ముందే తేల్చెయ్యడం కూడా తప్పే. పదిమంది అనే మాటలో నిజం వుండొచ్చు, కొంత వుండొచ్చు, అసలే లేకపోవచ్చు. విడదీసి చూస్తే తప్ప తెలియదు.

ఆట తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. తెల్లబంతిని కొట్టే పొడుగాటి కర్రని క్యూ అంటారు. రేషన్ షాపు ముందు కట్టే క్యూతో కలిసిపోకుండా నేను కర్ర అనే రాస్తాను. మామూలు పూల్ కర్ర 57, 58 అంగుళాల పొడవు, 18 నుంచి 21 ఔన్సుల బరువు, అంటే అర కిలో పైచిలుకు వుంటుంది. ముందున్న సన్నటి భాగం షాఫ్ట్, చేత్తో పట్టుకునే లావుపాటి భాగం బట్. రెండు ముక్కల కర్రయితే మధ్యలో మరలు తిప్పి బిగించే జాయింట్ వుంటుంది. షాఫ్ట్ కొసన చిన్న తొడుగు, దాన్ని ఫెర్రూల్ అంటారు. దానిమీద అతికించిన తోలు బిళ్ళ టిప్. మొత్తం కర్రలో బంతికి తగిలేది ఆ తోలు బిళ్ళ ఒక్కటే. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ప్రపంచ పూల్ సంఘం నిబంధనల ప్రకారం కర్ర 40 అంగుళాలకి తగ్గకూడదు, 25 ఔన్సులు దాటకూడదు, టిప్ వెడల్పు 14 మిల్లీమీటర్లు మించకూడదు. ధర ఎంత వుండాలో ఎక్కడా లేదు.

ఇక ఈ గొడవ నాకెందుకు పట్టిందంటే: పోయినేడాది ఒక సాయంత్రం మా వీధి చివర టిఫిన్ సెంటర్ నడిపే ఆయన మా ఇంటికొచ్చాడు. ఆయన కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం. పార్లర్లో ఆడతాడు, బాగానే ఆడతాడు.

"సార్, కర్రకి ఇరవై ఎనిమిది వేలంటున్నరు. నిజంగ అంత వుంటదా?"

"వుంటుంది. లక్ష పెట్టినవి కూడా వున్నాయి. ఎవరు కొనమన్నారు?"

"ఆడ నేర్పిస్తడు కదా, ఆయన. ఆ కర్ర లేకుంటే పిల్లగాడు ఈడనే ఆగిపోతడంట. చిట్టి ఎత్తి ఇద్దామనుకుంటున్న. మీరు లెక్కల మనిషి, ఒక మాట అడుగుదామని వచ్చిన."

ఇరవై ఎనిమిది వేలంటే ఆయనకి ఎన్ని ప్లేట్ల ఇడ్లీయో నేను లెక్కెయ్యగలను. అయినా డబ్బున్నవాళ్ళ ఆట మీకెందుకయ్యా అని నేను అనలేదు. ఆ కుర్రాడికి ఆడే హక్కుంది. పదిరోజులు టైమివ్వమన్నాను.

నేను బి.కాం. చదివి రక్షణ లెక్కల శాఖలో ముప్పై అయిదేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. భౌతికశాస్త్రం నా సబ్జెక్టు కాదు. కానీ కొనుగోళ్ళ ఫైళ్ళు చూసిన అనుభవం ఇక్కడ పనికొచ్చింది. ప్రభుత్వ కొనుగోళ్ళలో రెండు కవర్ల పద్ధతి ఒకటుంది. సరుకు నాణ్యత వివరాలు ఒక కవర్లో, ధర ఇంకో కవర్లో పెట్టి సీలు వేసి ఇస్తారు. ముందు నాణ్యత కవర్ తెరుస్తారు. అందులో నెగ్గినవాళ్ళ ధర కవర్లే తెరుస్తారు. నెగ్గినవాళ్ళలో ఎవరిది తక్కువైతే వాళ్ళకి ఆర్డరు. ధర ముందు తెలిస్తే నాణ్యత చూసే కన్ను మారిపోతుందన్న ఎరుక ఆ పద్ధతిలో వుంది. మందుల పరీక్షల్లో ఏది మందో ఏది చక్కెర బిళ్ళో రోగికి తెలియనివ్వకపోవడం కూడా ఇలాంటి జాగ్రత్తే. పార్లర్లో మాత్రం ధర కవర్ ముందే తెరిచి, దాన్నిబట్టి నాణ్యత చెబుతున్నారు.

కాబట్టి నాణ్యత కవర్ ముందు తెరుద్దాం. కర్ర చెయ్యాల్సిన పని ఏమిటి?

బిలియర్డ్స్ బంతుల గణితం మీద ఫ్రాన్సుకి చెందిన కొరియోలిస్ 1835లోనే ఒక పుస్తకం రాశాడు. తుపాన్లు సుడి తిరిగే దిశకి కారణంగా మనం పాఠాల్లో చదువుకున్న కొరియోలిస్ ఈయనే. ఆ తర్వాతి కాలంలో హై స్పీడ్ కెమెరాలు వచ్చాయి, మనిషి చేతికి బదులు యంత్రంతో కొట్టించి కొలిచారు. వాటివల్ల తేలిన ముఖ్యమైన విషయం: టిప్, బంతి ఒకదానికొకటి తగిలి వుండే సమయం సుమారు సెకనులో వెయ్యో వంతు. బంతిని నడిమధ్యలో కాకుండా పక్కకి కొట్టినప్పుడు కర్ర కొస కూడా కాస్త పక్కకి తోసుకుపోతుంది. ఆ వెయ్యో వంతు సెకనులో ఈ అడ్డపు కదలిక కొసనుంచి జానెడు దూరం వరకే పాకుతుంది. బట్ దాకా కబురు చేరేసరికి బంతి వెళ్ళిపోయి వుంటుంది.

అంటే బట్ మీద పొదిగిన నల్లచేవ, ముత్యపు చిప్ప, వెండి తీగ, ఇవేవీ బంతి దిశని మార్చలేవు. ఖరీదైన కర్రల్లో ధరకి పెద్ద కారణం చాలాసార్లు ఈ నగిషీయే. ఒకప్పుడు ఏనుగు దంతం కూడా పొదిగేవారు, 1989లో అంతర్జాతీయ నిషేధం వచ్చాక అది తగ్గింది. నగిషీ అందంగా వుంటుంది, అందానికి డబ్బు పెట్టేవాళ్ళని నేను కాదనను. దానికీ ఆటకీ సంబంధం లేదంటున్నాను, అంతే.

జాయింట్ గురించి కూడా బోలెడు మాటలు చెబుతారు. చెక్క మరయితే ఒక రకం దెబ్బ, ఇత్తడి అయితే ఇంకో రకం దెబ్బ అని. చేతికి తెలిసే అనుభూతిలో తేడా వుండొచ్చు. కాని చెయ్యి ఆ అనుభూతిని అందుకునేది బంతి కదిలిపోయిన తర్వాతే.

షాఫ్ట్ ముందు భాగం మాత్రం నిజంగా ముఖ్యం. బంతికి పక్కన కొట్టినప్పుడు అది మనం గురిపెట్టిన గీత మీద పోకుండా కాస్త అవతలి పక్కకి తప్పుకుంటుంది. దీన్ని డిఫ్లెక్షన్ అంటారు. కొస బరువు ఎంత ఎక్కువైతే ఇది అంత ఎక్కువ. అందుకే ఖరీదైన కొన్ని షాఫ్టుల్లో కొసన లోపలి చెక్క తొలిచేస్తారు, ఈమధ్య కార్బన్ ఫైబరుతో బోలుగా చేస్తున్నారు. వీటిలో డిఫ్లెక్షన్ తక్కువన్నది కొలిచి చూపించిన సంగతి. ఇక్కడ ఎక్కువ ధరకి ఒక న్యాయమైన కారణం వుంది. అయితే ఒక మెలిక వుంది. చవక కర్రలో ఆ తప్పు ఎక్కువే గాని, అదే కర్రతో, అదే దెబ్బకి ప్రతిసారీ దాదాపు అంతే వుంటుంది. ప్రతినెలా ఒకే మొత్తం తేడా వచ్చే ఖాతాని సర్దుబాటు ఎంట్రీతో సరిచెయ్యొచ్చు. ఆటగాడి చెయ్యి కూడా కొన్ని వారాల్లో ఆ సర్దుబాటు నేర్చుకుంటుంది. ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ వచ్చే ఖాతాతోనే చిక్కు. కర్రలో అలాంటి చిక్కు తెచ్చేది ధర కాదు, పాడైపోయిన టిప్.

టిప్ గురించి చెప్పాలంటే, తోలు టిప్ వాడుకలోకి తెచ్చిన ఘనత 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సు సైనికాధికారి మాంగోకి ఇస్తారు. అంతకుముందు చెక్క కొసతోనే కొట్టేవారు. పక్కకి కొడితే జారిపోయేది. తోలు వచ్చాకే బంతిని కావలసినట్టు తిప్పడం సాధ్యమైంది. మంచి టిప్పు, దానిమీద చాక్ వుంటే బంతి మధ్యనుంచి అంచుకి సగం దూరం దాకా జారకుండా కొట్టొచ్చు. టిప్ గట్టిపడి, నున్నగా మెరుస్తూ, చదునుగా అయిపోతే అంతకంటే చాలా ముందే జారుతుంది. బంతిమీద వచ్చిన ఈ అతిపెద్ద మార్పుకి కారణమైన బిళ్ళని ఇవాళ 150 రూపాయలు పెడితే మార్చి ఇస్తారు.

ఇంతకీ చవక కర్రలకి అంత చెడ్డపేరు ఎలా వచ్చింది? దానికి కారణం చాలావరకు పార్లర్ స్టాండు అని నా అభిప్రాయం. మనలో చాలామంది చవక కర్రని మొదటిసారి పట్టుకునేది అక్కడే. రోజుకి ఇరవై మంది చేతులు మారుతుంది. బల్లకేసి కొడతారు, నేలకి పొడుస్తారు, గోడకి ఆనించి వదిలేస్తారు. టిప్ ఊడితే తప్ప మార్చరు. ఏసీ గదిలో పగలంతా చల్లగా పొడిగా, రాత్రి ఏసీ ఆపాక ఉక్కగా వుంటుంది. చెక్క తేమ పీల్చి వదిలి వంగిపోతుంది. ఆ కర్రతో ఆడినవాడు "చవక కర్ర ఇంతే" అనుకుంటాడు. ఖరీదైన కర్ర మాత్రం సొంతదారు సంచీలో పెట్టుకుని, తుడుచుకుని, టిప్ అరగదీసుకుని చూసుకునేది. మనం పోలుస్తున్నది చవకనీ ఖరీదునీ కాదు, దిక్కులేనిదాన్నీ దిక్కున్నదాన్నీ.

ఈ రెంటినీ విడదీసి చూపించే ఉదాహరణ ఒకటి నేను జబల్పూరులో చూశాను. స్నూకర్ పుట్టిన ఊరు అదే. 1875లో అక్కడి సైనికాధికారుల మెస్సులో నెవిల్ చాంబర్లెయిన్ అనే యువ అధికారి (తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన ఆయన కాదు) ఈ ఆటని రూపొందించాడు. నేను ఆ ఊళ్ళో నాలుగేళ్ళు పనిచేశాను. మేము ఆడుకునే క్లబ్బులో ఒకే ఇండెంట్ మీద, ఒకే ధరకి కొన్న ఎనిమిది కర్రలుండేవి. లెడ్జర్లో వాటికి ఒకటే ఎంట్రీ. రెంటిని మార్కర్ (బల్లని, కర్రల్ని చూసుకునే మనిషి) పోటీల కోసమని బీరువాలో నిలువుగా వేలాడదీసేవాడు, వాటి టిప్పులు తనే మార్చేవాడు. మిగతా ఆరూ స్టాండులో అందరికీ. రెండేళ్ళు తిరిగేసరికి బీరువాలోవి "మంచి కంపెనీ కర్రలు", స్టాండులోవి "నాసిరకం" అని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకునేవారు. ఆ మార్కర్ నవ్వి ఊరుకునేవాడు.

ఇప్పుడు రెండో పక్షం. చవక కర్రల మీద నిందలన్నీ ఉత్తవి కావు.

కుర్రాణ్ణి వెంటపెట్టుకుని స్పోర్ట్స్ షాపుకి వెళ్ళాను. ఒకే రకం, 1,800 రూపాయల కర్రలు పది తీయించి, ఒక్కొక్కటీ కంటికి ఆనించి కొసదాకా చూశాం. నాలుగు కొద్దిగానో ఎక్కువగానో వంగివున్నాయి. ఒకదాని జాయింట్ బిగించాక కూడా కదులుతోంది. ఇంకోదాని టిప్ పక్కకి అతికించారు. అంటే పదిలో ఆరు పోయాయి. మిగిలిన నాలుగూ శుభ్రంగా వున్నాయి. షాపతను మొదట విసుక్కున్నాడు గాని తర్వాత తనూ కంటికి ఆనించి చూడ్డం మొదలుపెట్టాడు.

నాకు కనిపించిన అసలు తేడా ఇదే. పేరున్న తయారీదారు బాగా ఆరిన మేపుల్ చెక్క ఎంచుకుంటాడు. షాఫ్టుని ఒక్కసారే చెక్కెయ్యడు. కొంచెం చెక్కి నెలల తరబడి ఆరబెడతాడు, మళ్ళీ చెక్కుతాడు. వంగినవి పక్కన పారేస్తాడు. ఆ పారేసినవాటి ఖర్చు కూడా మిగిలినవాటి ధరలో కలుస్తుంది. పెద్ద ఎత్తున తయారుచేసే ఫ్యాక్టరీకి అంత తీరిక లేదు. చాలా ఏళ్ళు మలేసియా, ఇండొనేసియా చిత్తడి అడవుల్లోని రామిన్ చెక్కతో చవక కర్రలు చేశారు. ఆ చెట్టు తరిగిపోతోందని 2004లో దాని అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు పెట్టారు. చెక్క ఏదైనా, తొందరగా చెక్కి రంగేసి పంపిస్తే కొన్ని నిలబడతాయి, కొన్ని వంగుతాయి. రెండూ ఒకే ధరకి షాపుకొస్తాయి. చవక కర్రలో తగ్గిన డబ్బులో పెద్ద భాగం తనిఖీ ఖర్చు. ఆ తనిఖీ పని కొనేవాడి నెత్తిన పడుతుంది. తనిఖీ చెయ్యగలిగినవాడికి అది మంచి బేరం. ఆన్‌లైన్లో బొమ్మ చూసి తెప్పించుకునేవాడికి అది లాటరీ. అలా కొని తిట్టుకున్నవాళ్ళు తిట్టడంలో న్యాయం వుంది.

టిప్పే లేకుండా మరతో బిగించే ప్లాస్టిక్ కొసతో వచ్చేవి, పిల్లల బొమ్మల్లా తేలిగ్గా వుండేవి కూడా "పూల్ కర్ర" పేరుతోనే అమ్ముతున్నారు. వాటికి వచ్చిన చెడ్డపేరు వాటికి తగినదే.

ఏరిన నాలుగింటిలో రెండు కొన్నాం. ఒకటి కుర్రాడికి, ఒకటి నాకు. కుర్రాడి దానికి కొత్త తోలు టిప్ వేయించి గుండ్రంగా అరగదీయించాం. నా దానికి పార్లర్ స్టాండులోని ఒక కర్రనుంచి తీసిన పాత టిప్ అతికించమన్నాను. టిప్ వేసే అతను నావైపు వింతగా చూశాడు. మూడోది కుర్రాడి స్నేహితుడి ఖరీదైన కర్ర. మూడింటి బట్లకీ ఒకే రకం గుడ్డ చుట్టి, పార్లర్లో అయిదుగురు కుర్రాళ్ళకిచ్చి, ఒక్కొక్కదానితో ఇరవై నిమిషాలు ఆడి ఏది ఖరీదైనదో చెప్పమన్నాను.

పాత టిప్ కర్రని అయిదుగురూ "ఇది చెత్త అంకుల్" అని పక్కన పెట్టారు. మిగతా రెంటిలో ఏది ఖరీదైనదన్న దగ్గర ముగ్గురు 1,800 రూపాయల దాన్నే చూపించారు. గుడ్డ విప్పాక ఒకడు "నాకు ముందే అనుమానం వచ్చింది" అన్నాడు. ఏమని అనుమానమో చెప్పలేదు.

దీన్ని రుజువని నేను అనను. అయిదుగురు మనుషులు, ఒక సాయంత్రం, ఒక బల్ల. షాఫ్ట్ సన్నదనం గుడ్డ చుట్టినా చేతికి తెలుస్తుంది. పైగా వాళ్ళెవరూ పెద్ద పోటీలు ఆడేవాళ్ళు కాదు. కాకపోతే ఒక్క సంగతి తేలింది: ఒకే పెట్టెలోంచి వచ్చిన రెండు కర్రల్లో ఒకటి "చెత్త", ఒకటి "ఖరీదైనది" అనిపించుకుంది. మధ్యలో తేడా తోలు బిళ్ళ ఒక్కటే.

ఖరీదైన కర్రతో తాము నిజంగానే బాగా ఆడుతున్నామని చెప్పేవాళ్ళు అబద్ధం చెబుతున్నారని కూడా నేను అనుకోను. 2011లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. 41 మందికి ఒకే గోల్ఫ్ కర్ర ఇచ్చి బంతిని గుంతలో వెయ్యమన్నారు. కొందరికి మాత్రం అది ఒక ప్రసిద్ధ ఆటగాడు వాడినదని చెప్పారు. ఆ మాట విన్నవాళ్ళకి గుంత పెద్దదిగా కనిపించింది, బంతులూ ఎక్కువ పడ్డాయి. చిన్న ప్రయోగమే, దానిమీద మరీ బరువు వెయ్యలేం. అయినా నమ్మకం చేతి వణుకు తగ్గించడంలో ఆశ్చర్యం లేదు. కాని ఆ నమ్మకం కోసం ఒక టిఫిన్ సెంటర్ ఆయన చిట్టి ఎత్తాలా అన్నదే ప్రశ్న.

స్నూకర్ అభిమానులు ఇక్కడ స్టీఫెన్ హెండ్రీ పేరెత్తుతారు. 1990 నుంచి 1999 దాకా ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన ఆయన వాడింది సుమారు 40 పౌండ్ల మామూలు కర్ర. 2003లో విమాన ప్రయాణంలో అది విరిగింది. మనవైపు వాదనకి ఇది ముచ్చటగా సరిపోతుంది. కాని ఒక్క మనిషిని చూపించి చవక కర్రే మేలనడం, సిగరెట్లు తాగి తొంభై ఏళ్ళు బతికిన తాతని చూపించడం లాంటిదే. అలాగే ఆ కర్ర విరిగాకే హెండ్రీ పడిపోయాడన్న కథ కూడా నిలవదు. ఆయన చివరి ప్రపంచ టైటిల్ కర్ర విరగడానికి నాలుగేళ్ళ ముందుది. వేరే కర్రతో ఆడుతూ 2006-07 సీజన్లో మళ్ళీ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. కర్రకి మహిమ అంటగట్టడానికి చవకా ఖరీదూ అడ్డం రావన్నమాట.

పదోరోజున టిఫిన్ సెంటర్ ఆయనకి ఒక కాగితం మీద లెక్క రాసిచ్చాను. కర్ర 1,800, టిప్ 150, సంచీకి మిగిలిన 50, మొత్తం 2,000. ఇరవై ఎనిమిది వేలల్లో మిగిలేది 26,000. మన పార్లర్లో బల్ల అద్దె గంటకి 150. ఆ డబ్బుకి 173 గంటల ఆట వస్తుంది. రోజుకో గంట చొప్పున దాదాపు ఆరు నెలలు. ఈ రెంటిలో ఏది కుర్రాడి ఆటని ఎక్కువ మారుస్తుందో మీరే ఆలోచించుకోండి అన్నాను. ఆయన కాగితం రెండుసార్లు చదివి, "చిట్టి ఇప్పుడే ఎత్తను సార్" అన్నాడు.

కుర్రాడికి వేరే మాట చెప్పాను. గురి స్థిరపడి, బంతి తప్పడానికి కారణం డిఫ్లెక్షనేనని నువ్వే కొలిచి చూపించగలిగిన రోజున మంచి షాఫ్ట్ గురించి మాట్లాడుకుందాం అని. ఒప్పుకున్నాడు. పది నెలలైంది. కర్ర ఇంకా వంగలేదు, టిప్ ఒకసారి మార్చాడు. పోటీల్లో కొన్ని గెలిచాడు, కొన్ని ఓడాడు. దీన్నిబట్టి కర్ర గురించి ఏమీ తేల్చడానికి లేదు.

మీ పిల్లలు ఎవరైనా ఈ ఆట ఆడుతుంటే చెయ్యాల్సింది ఇది. షాపుకి స్వయంగా వెళ్ళండి. పది తీయించి కంటికి ఆనించి చూడండి. జాయింట్ బిగించి, విప్పి, మళ్ళీ బిగించి చూడండి. టిప్ మార్పించండి. ఎండలోనూ, కారు డిక్కీలోనూ, గోడ మూలనా పెట్టనివ్వకండి. ధర చివర్లో అడగండి.

ఆట నేర్పే ఆయన ఇప్పటికీ "చవక కర్రతో ఆట రాదు" అనే అంటున్నాడు. గుడ్డ చుట్టిన కర్రలతో మీరూ ఒకసారి ఆడి చెప్పండి అన్నాను. "చూద్దాం అంకుల్" అన్నాడు. నాలుగుసార్లు అడిగాను, నాలుగుసార్లూ అదే మాట. అయిదోసారి కూడా అడుగుతాను.